గడప లేని కొట్టు

వీసా వచ్చిందన్న కబురు తెలిసే వేళకి నా చేతిలో నెయ్యి రాసిన అట్లకాడ ఉంది. అది శ్రావణమాసం ఆఖరి మంగళవారం. పెళ్ళయిన మొదటి ఏడు మంగళగౌరి నోము పుట్టింట్లో నోచుకోవాలి కాబట్టి మైలవరంలో మా ఇంటి ముందుగదిలో పీట మీద కూర్చున్నాను. ఎదురుగా చలిమిడి ప్రమిదల్లో వత్తులు వెలుగుతున్నాయి. అమ్మ పుస్తకం పట్టుకుని వ్రతకథ చదువుతోంది. కథ అయ్యేదాకా అట్లకాడ ఆ దీపాల మీద పట్టుకునే ఉండాలి. దానికి అంటుకున్న మసే కాటుక. చెయ్యి తియ్యకూడదు, మాట్లాడకూడదు.

నా వెనక చాప మీద వాయనం పుచ్చుకోవడానికి వచ్చిన మా అత్తగారు పద్మావతమ్మ కూర్చుని ఉన్నారు. ఆవిడ పక్కన మా ఆడపడుచు వినీల. వినీల ఫోను ఒకసారి గుర్రుమంది.

"వదినా," అంది వినీల. ఫోను మీంచి కళ్ళు తియ్యలేదు.

"ఏంటే, చెప్పు," అన్నారు అత్తయ్య.

"ఇచ్చారమ్మా. వీసా ఇచ్చారు."

అమ్మ కథ ఆపలేదు. మధ్యలో ఆపకూడదట. గొంతు మాత్రం పెంచింది. నా చేతిలో అట్లకాడ పక్కకి ఒరిగింది, దీపాలు అటూ ఇటూ ఊగాయి. అత్తయ్య లేచి నా పక్కకొచ్చి, నా చేతి కింద తన చెయ్యి ఆనించారు.

"తియ్యకు. నేను పట్టుకుంటాలే," అన్నారు చెవి దగ్గర.

కథ పూర్తయ్యేదాకా ఇద్దరం ఆ అట్లకాడని అలాగే పట్టుకున్నాం. ఆ శ్రావణంలో ఏ మంగళవారమూ అంత నల్లటి కాటుక పట్టలేదు నేను.

*

మా పెళ్ళి వైశాఖంలో అయింది. 'మా ఆయన' అనే మాట నాకింకా కొత్త చీరలాగే ఉంది, అందుకని అవసరం లేని చోట కూడా వాడుతుంటాను. మా ఆయన పేరు పవన్‌కుమార్. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, విజయవాడ ఆటోనగర్‌లో మావయ్యగారి లారీ విడిభాగాల కొట్టు చూసుకుంటారు. ఇల్లు పటమటలో. సాయంత్రం వచ్చేటప్పటికి చేతులకి గ్రీజు వాసన ఉంటుంది. సబ్బుతో ఎంత తోమినా పూర్తిగా పోదు. పోవద్దనే నాకూ ఉంటుంది.

నేను కాపురానికి వెళ్ళేసరికి ఆ ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, వినీల ఫీజు. వినీల సివిల్ ఇంజనీరు. కాలవలంటే దానికి పిచ్చి. బ్రిటన్‌లో ఒక యూనివర్సిటీలో నీటి నిర్వహణ మీద ఎమ్మెస్సీకి సీటు వచ్చింది, ఫీజులో మూడోవంతు రాయితీ కూడా ఇచ్చారు. అయితే ఆ రాయితీ ఈ ఏడాది చేరితేనే. వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుంటే సీటు ఉంటుంది, రాయితీ ఉండదు. రాయితీ లేకపోతే ఆ ఫీజు మా వాళ్ళ వల్ల కాదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.

ఒకరోజు అన్నాల దగ్గర మావయ్యగారు, ఆయన పేరు బసవపున్నయ్య, పెరుగు కలుపుకుంటూ అడిగారు.

"వాయిదాల్లో కాకుండా మొత్తం ఒకేసారి పడేస్తే ఎంత తగ్గిస్తారో కనుక్కున్నావా?"

"నాన్నా, అది యూనివర్సిటీ. గేర్‌బాక్సు కాదు," అంది వినీల.

"అడిగితే పోయేదేముంది?"

"పరువు పోద్ది."

నేను అన్నం తింటూనే ఎడమచేత్తో ఫోనులో ఆ యూనివర్సిటీ వాళ్ళ ఫీజుల పేజీ తెరిచాను. పెళ్ళికి ముందు గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేశాను. చిన్న అక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేను. అడుగున ఉంది ఆ మాట.

"మావయ్యగారూ, తగ్గిస్తారంటండీ. క్లాసులు మొదలయ్యేలోపు మొత్తం కట్టేస్తే నూటికి మూడు."

ఆయన పెరుగన్నం పక్కన పెట్టి వినీల వంక చూశారు. "చూశావా? ఎక్కడైనా కొట్టు కొట్టే. అమ్మాయ్ రుచితా, ఈ ఫీజు వ్యవహారమంతా ఇకనించి నువ్వు చూడు. ఈ పిల్లకి బేరం తెలీదు."

అలా కాపురానికెళ్ళిన నెల తిరక్కుండానే నాకు పదవి వచ్చింది. గది అద్దె అక్కడ వారానికింత అని కడతారని నేనే చెప్పాను. వంట వచ్చి ఉంటే తిండి ఖర్చు సగానికి సగం తగ్గుతుందని చెప్పి, వినీల చేత పప్పుచారు పెట్టించాను. ఎవరూ తినలేకపోయారు. మా ఆయన మాత్రం రెండుసార్లు వేయించుకుని, "వాళ్ళ దేశానికి ఇది చాల్లే" అన్నారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చెప్పింది బ్యాంకు సంగతి. బ్యాంకు అప్పు పోను మిగిలిన ఫీజు, అక్కడ ఉండటానికయ్యే ఖర్చు కలిపి ఇంత అని ఒక మొత్తం ఉంటుంది. అది విద్యార్థి పేరనో తల్లిదండ్రుల పేరనో ఖాతాలో ఇరవై ఎనిమిది రోజులు వరసగా ఉండాలి. ఒక్కపూట కూడా అంతకు తగ్గకూడదు. తగ్గితే మళ్ళీ మొదటినుంచి లెక్క. అది చూపిస్తేనే యూనివర్సిటీ వీసాకి కావలసిన కాగితం పంపుతుంది.

మావయ్యగారి ఖాతా లారీ షెడ్డు లాంటిది. వచ్చే బండి వస్తూ ఉంటుంది, పోయే బండి పోతూ ఉంటుంది.

"నా దాంట్లో వెయ్యండి," అన్నారు అత్తయ్య. "నేను బ్యాంకు మొహం చూసి ఏడాదైంది."

అలా అత్తయ్య ఖాతాలో వేశాం. ఆవిడ సొంతంగా దాచుకున్నది కూడా కలిపితేనే ఆ మొత్తం అయింది.

"అత్తయ్యా, ఈ డబ్బు కదపకూడదండీ," అన్నాను.

"నేనెందుకు కదుపుతానమ్మా," అన్నారు.

*

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలూ అత్తగారూ ఆ నెలంతా ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తవారి గడప దాటకూడదు. నన్ను మైలవరం తెచ్చి దింపారు. ఈ కాలంలో కూడా ఇదేంటని మా స్నేహితురాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, కానీ మా అత్తయ్యకి ఈ విషయంలో నవ్వు లేదు. సామాన్లు దింపడానికి వచ్చిన ఆవిడ కారు కూడా దిగలేదు. అద్దం దించి, "ఆవకాయ అన్నం ఎక్కువ తినకు, వేడి చేస్తుంది" అని చెప్పి వెళ్ళిపోయారు.

మా ఆయన ఆదివారాలు మైలవరం బస్టాండు దాకా వచ్చేవారు. బస్టాండుకి ఎవరి గడపా లేదు. సోడాబండి దగ్గర నిలబడి నిమ్మసోడా తాగేవాళ్ళం. ఇంట్లో అందరి ముందూ 'మీరు' అనే నేను అక్కడ 'నువ్వు' అనేదాన్ని. ఆ నెలంతా నాకు గుర్తున్న రుచి ఆ నిమ్మసోడాది.

రెండో ఆదివారం ఆయన సోడా తాగకుండా ఊరికే నవ్వుతూ నిలబడ్డారు.

"ఏంటి?"

"చెప్పకూడదంది అమ్మ."

"అయితే చెప్పు."

"నీకు శ్రావణ పట్టీ కొనేసింది. గొలుసు. ఆషాఢం తగ్గింపులు ఉన్నాయిగా, మజూరీ లేదంట. చాలా బాగుంది. ఎవరికీ చూపించట్లేదు, నేను దొంగతనంగా చూశాను."

మొదటి శ్రావణంలో అత్తగారు కోడలికి పెట్టే కానుక అది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఎంత పొడుగు, లాకెట్టు ఉందా, లావుగా ఉంటుందా సన్నగా ఉంటుందా అని వరసగా అడిగేశాను. ఆయన చూపుడువేలుతో నా మెడ దగ్గర గాలిలో కొలిచి చూపించారు. సోడా అబ్బాయి మొహం తిప్పుకున్నాడు. అప్పుడు, ఎందుకడిగానో తెలీదు, ఇంకా నవ్వుతూనే అడిగాను.

"డబ్బెక్కడిది అత్తయ్యకి?"

"తన ఖాతాలోంచే. చీటీ డబ్బు శనివారం వచ్చింది, తిరిగి వేసేసింది కూడా. తీసినదానికన్నా వంద ఎక్కువే వేశానంది."

సోడా సీసా నా చేతిలో అలాగే ఉండిపోయింది. మా ఆయన నా మొహం చూశారు. ఆయనకి కూడా అప్పుడే అర్థమైంది.

ఫోను చేస్తే వినీల ఎత్తింది. చెప్పాను. తరవాత ఫోను పక్కన పడేసి వాళ్ళమ్మని అడుగుతున్న మాటలు వినపడ్డాయి.

"కదపొద్దని చెప్పింది కదమ్మా వదిన. చెప్పిందా లేదా?"

"కదపలేదే. మూడు రోజులు చేబదులు తీసుకున్నా. నా ఖాతాలో నా డబ్బే. వేసేశాగా."

"చేబదులంటే వాళ్ళకి తెలీదమ్మా."

"ఎందుకు తీశావు అసలు?"

ఈ ప్రశ్న మావయ్యగారిది. దానికి అత్తయ్య జవాబు చెప్పలేదు. డబ్బు ఎవరికోసం తీశారో ఆ కోడలే ఫోనులో వింటోందని ఆవిడకి తెలుసు. కానుక ముందుగా చెప్పకూడదు. అన్నన్ని మాటలు పడుతూ కూడా ఆవిడ ఆ ఒక్క మాట చెప్పలేదు.

*

యూనివర్సిటీ వాళ్ళు పెట్టిన గడువు నెలాఖరు. మళ్ళీ శనివారం నుంచి లెక్క మొదలైతే ఆ గడువు దాటిపోతుంది. గడువు పెంచమని అడగాలి. ఎందుకు తగ్గిందో అత్తయ్య సంతకంతో రాసి పంపాలి. ఇంగ్లీషులో నేను రాయాలి, తెలుగులో ఆవిడ చెప్పాలి. ఫోనులో చెప్పమంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"ఫోనులో నాకు మాట రాదు. ఎదురుగా కూర్చుని చెప్తా. ఆటోనగర్ రమ్మను," అన్నారట.

"ఆషాఢం కదే," అన్నారట మావయ్యగారు.

"కొట్టుకి గడప ఎక్కడుంది? షట్టరేగా."

"పంతులుగారిని అడిగావా?"

"ఆయన్ని అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్తాడు. నాకు కళ్ళున్నాయి. గడప లేదు."

నాన్న నన్ను బండి మీద తీసుకొచ్చి సందు చివర దింపారు. ఆటోనగర్‌లో పొద్దున పదింటికి సుత్తి మోతల మధ్య మాట వినపడాలంటే దగ్గరగా కూర్చోవాలి. కొట్టులో లారీల కమాను కట్టలు, ఇనప స్ప్రింగు పట్టీలు, గోడపొడుగునా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య ప్లాస్టిక్ కుర్చీలో అత్తయ్య పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. నేను షట్టరు గీత దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఆవిడ కిందకి చూసి, గచ్చు సమంగా ఉందని మళ్ళీ ఒకసారి తేల్చుకుని, "రా అమ్మా" అన్నారు.

నేను లాప్‌టాప్ తెరిచాను.

"బ్యాంకువాళ్ళు పొరపాటు చేశారని రాసి పడెయ్యండి, తీరిపోద్ది," అన్నారు మావయ్యగారు గల్లాపెట్టె దగ్గరనుంచి.

"రేపు వాళ్ళు బ్యాంకునడిగితే? అబద్ధం మీద పిల్లని పంపించను," అన్నారు అత్తయ్య. నా వైపు తిరిగారు. కాసేపు కొంగు సర్దుకున్నారు. "రాయి. కొత్త కోడలికి మొదటి శ్రావణానికి అత్త ఏదో ఒకటి పెట్టాలి. మా అత్త నాకు పెట్టింది. మా అమ్మకి వాళ్ళ అత్త పెట్టింది. అందుకు తీశాను. మూడు రోజులకి వేసేశాను. పిల్ల తప్పు లేదు, కోడలి తప్పు లేదు. అంతే."

నేను తలెత్తకుండా రాశాను. తలెత్తితే రాయలేకపోయేదాన్ని. శ్రావణ పట్టీ అన్నది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, పెళ్ళయిన తరవాత వచ్చే మొదటి వానాకాలంలో అత్తగారు కోడలికి ఇచ్చే బంగారం అని రాశాను. చదివి అర్థం చెబితే అత్తయ్య తల ఊపారు.

"తెలిసిపోయింది కాబట్టి అడుగుతున్నా. గొలుసు తిరిగిచ్చేద్దామంటే డబ్బివ్వరంట, వేరే నగ తీసుకోమంటున్నారు. నీకు గొలుసు ఇష్టమేనా, గాజులు మార్చమంటావా?"

"గొలుసే ఉంచండత్తయ్యా. ఎంత పొడుగో కూడా తెలుసు నాకు."

ఆవిడ కొడుకు వైపు చూశారు. మా ఆయన ఒక బేరింగు తీసుకుని శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టారు.

ఇంకొకటి మిగిలింది. గడువు పెంచినా మామూలుగా వీసా వచ్చేలోపు క్లాసులు మొదలైపోతాయి. అదనంగా రుసుము కడితే వారంలో తేల్చే పద్ధతి ఒకటుంది. ఆ రుసుము ఎంతో చెప్పాను. మావయ్యగారు గల్లాపెట్టె తెరిచి, చూసి, మళ్ళీ మూశారు. ఇవ్వగలిగినదంతా ఆయన అప్పటికే ఇచ్చేశారు.

ఆ రుసుము అంత డబ్బు మా ఇద్దరి పేరన ఉంది. పెళ్ళికి వచ్చిన చదివింపులు కూడబెట్టి కూర్గ్ వెళ్దామని దాచుకున్నాం. ఆషాఢం అవగానే ప్రయాణం. హోటలు గది ఫొటో నా ఫోనులో తెరమీదే ఉండేది.

మా ఆయన బేరింగు కింద పెట్టారు. "కూర్గ్‌లో ఈ నెలలన్నీ వానలేనంట," అన్నారు.

"అవును, జలగలు కూడా ఉంటాయంట," అన్నాను.

"జలగలంటే నాకు పడదు."

"నాకూ పడదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అత్తయ్య నవ్వలేదు. కమాను కట్టల వైపు మొహం తిప్పుకుని, "ఏమయ్యా, ఈ దుమ్మెవరూ దులపరా?" అని మావయ్యగారి మీద కోప్పడ్డారు.

*

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. అడ్మిషన్ల ఆఫీసులో పనిచేసే ఒకావిడ రాసింది. గడువు పెంచారు. క్లాసులకి ముందే వీసా చూపించాలి, లేకపోతే ఈ ఏడాదికి లేనట్టే. చివర విడిగా ఒక వాక్యం, ఆ గొలుసు కోడలికి నచ్చిందని ఆశిస్తున్నానని. నేనింకా గొలుసు చూడనే లేదు.

ఆషాఢం వెళ్ళింది, నేను పటమట వచ్చేశాను. గుమ్మంలో అత్తయ్య ఎదురొచ్చి హారతి ఇచ్చి గొలుసు నా మెడలో వేశారు. వినీల దానికి 'ఆలస్య రుసుము' అని పేరు పెట్టింది. వాళ్ళమ్మతో మాట్లాడటం అప్పటికే మొదలుపెట్టింది, కానీ మాటకి ముందు ఒక చిన్న విసురు ఉండేది. అత్తయ్య ఏటీఎం కార్డుని పసుపుగుడ్డలో కట్టి దేవుడి అరలో లక్ష్మీదేవి పటం వెనక పెట్టారు. బ్యాంకునుంచి ఏ సందేశం వచ్చినా పరిగెత్తుకొచ్చి, "ఇదేంటో చూడమ్మా, నేనేం తియ్యలేదు" అని నాకు ఫోను చూపించేవారు. పాలవాడికి ఇవ్వాల్సింది కూడా మావయ్యగారినే అడిగేవారు.

"ఇదేదో బావుంది," అనేవారు మావయ్యగారు. "ఇన్నేళ్ళ కాపురంలో దీని బ్యాంకుకి ఇంత బందోబస్తు లేదు."

ఇరవై ఎనిమిది రోజులు నిండాయి. బ్యాంకు కాగితం వెళ్ళింది. వినీల హైదరాబాదు వెళ్ళి వేలిముద్రలు ఇచ్చి వచ్చింది. ఆ తరవాత ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా అందరూ తింటున్నది ఆపేవారు. వినీల రోజూ పప్పుచారు పెట్టేది. రానురాను బాగానే వచ్చింది. కూచిపూడిలో ఉన్న మావయ్యగారి అక్క, అక్కడి గుడిలో మొక్కుకుందామంటే, వినీల ససేమిరా అంది. "మొక్కంటే ఊరంతా తెలుస్తుంది. రేపు రాకపోతే ఎవరికి మొహం చూపించను?" అని తలుపేసుకుంది. ఆ రోజు అత్తయ్య అన్నం తినలేదు.

*

మైలవరంలో వ్రతకథ అయిపోయింది. అక్షింతలు వేసుకున్నాం. అట్లకాడ దించితే చెయ్యి నాది కాదన్నట్టుంది. వినీల ఫోను నా ముందు పెట్టింది. చదివాను. చిన్న అక్షరాలతో సహా చదివాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"నిజమేనా వదినా?"

"నిజమే."

అప్పుడు వినీల వాళ్ళమ్మ ఒళ్ళో తలపెట్టి పడుకుంది, చిన్నపిల్లలాగా, అంత పొడుగు మనిషి. అత్తయ్య దాని జుట్టు నిమురుతూ, మా అమ్మ ఇచ్చిన శనగలు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటున్నారు. వినీల అలా పడుకునే అడిగింది.

"వంద ఎక్కువెందుకు వేశావమ్మా?"

"వడ్డీ. నీ డబ్బు కూడా కలిసి ఉందిగా అందులో."

ఆ మాటకి వినీల ముందు నవ్వి తరవాత ఏడ్చింది. మా అమ్మ వచ్చి అందరికీ కాటుక పెట్టింది. ఏడ్చినవాళ్ళకి కారిపోయింది.

వరండాలో కూర్చున్న మావయ్యగారికీ మా ఆయనకీ నాన్నే చెప్పారు. మావయ్యగారు లోపలికొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, అన్నిటికన్నా ముందు అడిగింది ఒకటే.

"అమ్మాయ్, ఆ నూటికి మూడు తగ్గింపు ఇంకా ఉందా, గడువైపోయిందా?"

"ఉందండీ. క్లాసులు మొదలయ్యేదాకా ఉంటుంది. మీ డబ్బూ బ్యాంకు అప్పూ కలిపి మొత్తం ఒకేసారి పంపితే చాలు."

"అయితే ఆ మిగిలేది మీ కూర్గ్ డబ్బు కింద జమ," అన్నారు, మా ఆయన వంక చూసి.

మా ఆయన ఏదో అనబోయారు. అత్తయ్య చెయ్యెత్తి ఆపారు. వినీల తల ఒళ్ళోంచి దించి, లేచి, కొంగు దోపుకున్నారు.

"ఇదిగో అందరూ వినండి. రేపు పదింటికల్లా బ్యాంకు. నేనూ కోడలూ వెళ్తాం, ఒక్క గడపే దాటి. ఫీజు మొత్తం పంపించేస్తాం. ఒరేయ్, నువ్వు కారు తీసుకుని బ్యాంకు దగ్గరికే రా. మీరిద్దరూ అట్నుంచటే బందరు వెళ్ళి సముద్రం చూడండి. వానైతే వానే, అక్కడ జలగలుండవు. నేను ఆటోలో ఇంటికి పోతా."

"సాయంత్రానికి వచ్చేస్తాంలే అమ్మా," అన్నారు మా ఆయన.

అత్తయ్య నా మెడలో గొలుసు పక్కకి జరిగితే సరిచేశారు.

"సాయంత్రానికెందుకు? రెండేసి జతల బట్టలు పెట్టుకోండి. శుక్రవారం పూజకి వస్తే చాలు."